ఫిల్‌మాంట్‌కు వెళ్ళబోయే పిల్లల అమ్మానాన్నలకు ఒక బహిరంగ లేఖ

డాలస్ ఉత్తర శివార్లలోని మన స్కౌట్ ట్రూప్ నుంచి వచ్చే జులైలో పిల్లల్ని ఫిల్‌మాంట్ కొండల్లో పన్నెండు రోజుల ట్రెక్‌కు పంపుతున్న తెలుగు తల్లిదండ్రులందరికీ,

నమస్కారం.

అబ్బాయిలదొకటి, అమ్మాయిలదొకటి, మన రెండు క్రూలకూ (నడక జట్లకూ) తేదీలు ఖాయమయ్యాయని తెలిసినప్పటి నుంచి వాట్సాప్ గ్రూపు మోగుతూనే ఉంది. ఏ బ్యాక్‌ప్యాక్ కొనాలి, శాకాహారులకు ఏం పెడతారు, అక్కడ ఫోన్ పనిచేస్తుందా, ఎలుగుబంట్లు ఉంటాయట నిజమేనా. అన్నీ అడగాల్సిన ప్రశ్నలే, ఎవరినీ తప్పుపట్టను. కానీ మొన్న కూర్చుని గ్రూపులో ఉన్నవన్నీ మొదటి నుంచి చదివాను. అందులో ఒక్క ప్రశ్న కూడా పిల్లలు అడిగింది లేదు. మనమే అడుగుతున్నాం, మనమే జవాబులు వెతుకుతున్నాం, మనమే ఆర్డర్లు పెట్టేస్తున్నాం. వెళ్ళేది మాత్రం వాళ్ళు.

అందుకే ఈ లేఖ రాస్తున్నాను. ఈ ట్రెక్‌ని నడిపించాల్సింది పిల్లలు. ఆ పని జులైలో కొండ ఎక్కాక నేర్చుకునేది కాదు, ఈ నెల నుంచే మన ఇళ్ళల్లో మొదలు కావాలి. ఇప్పుడు వాళ్ళ పనులన్నీ మనం చేసిపెట్టి, అక్కడికి వెళ్ళాక మీరే చూసుకోండి అంటే అది వాళ్ళకు అన్యాయం, ప్రమాదం కూడా.

కొత్తగా చేరిన కుటుంబాల కోసం ముందు ఆ చోటు గురించి కొంచెం చెప్తాను. న్యూ మెక్సికో ఈశాన్య మూలన సిమరాన్ అనే చిన్న ఊరు ఉంది. దాని పక్కనే, సాంగ్రె దె క్రిస్తో పర్వతాల్లో, 1,40,000 ఎకరాలకు పైగా విస్తరించిన స్కౌట్ల నేల ఫిల్‌మాంట్. ఓక్లహోమాలోని టల్సాకు చెందిన వెయిట్ ఫిలిప్స్ అనే చమురు వ్యాపారి 1938లో 35,857 ఎకరాలు స్కౌట్లకు రాసిచ్చాడు. 1941లో అంతకంటే ఎక్కువ భూమి ఇచ్చి, దాని పోషణకు ఆదాయం ఉండాలని టల్సాలో తన పెద్ద భవనం కూడా ఇచ్చేశాడు. అక్కడి బేస్ క్యాంపే సముద్రమట్టానికి 6,700 అడుగుల దగ్గర ఉంటుంది. అన్నిటికంటే ఎత్తైన బాల్డీ శిఖరం 12,441 అడుగులు. మనం ఉండే చోటు వెయ్యి అడుగులు కూడా ఉండదు.

క్రూ అంటే ఏడుగురి నుంచి పన్నెండు మంది వరకూ ఉండే జట్టు. అందులో పిల్లలే ఎక్కువ ఉండాలి. పిల్లల్లోంచి ఒకరు క్రూ లీడర్. మనతో వచ్చే పెద్దల్ని అడ్వైజర్లు అంటారు, అంటే సలహా ఇచ్చేవాళ్ళు మాత్రమే. మొదటి రెండు మూడు రోజులు ఫిల్‌మాంట్ రేంజర్ ఒకరు వెంట ఉండి అక్కడి పద్ధతులన్నీ నేర్పి, ఒక ఉదయం సెలవు తీసుకుని వెళ్ళిపోతారు. ఆ తర్వాత మ్యాప్ చూసేది, ఎన్నింటికి లేవాలో చెప్పేది, వంట ఎవరిది, నీళ్ళు ఎవరు తేవాలి అని నిర్ణయించేది మన పిల్లలే. పద్నాలుగు, పదిహేనేళ్ళ వాళ్ళు. వీపు మీద పన్నెండు రోజుల కాపురం.

మీ భయం నాకు తెలుసు. మనలో చాలామందికి 2014 జూన్ 8 గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్ నుంచి టూర్‌కు వెళ్ళిన ఇంజనీరింగ్ విద్యార్థులు హిమాచల్‌లో బియాస్ నది రాళ్ళ మీద ఫొటోలు దిగుతుంటే, పైన లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. 24 మంది విద్యార్థులు పోయారు. ఆ వీడియో చూసిన ఏ తల్లీ తండ్రీ మర్చిపోలేరు. పిల్లలు గుంపుగా బయటికి వెళ్తామంటే మన గుండెల్లో ముందు ఆ నది కదులుతుంది. అక్కడ ఆ పిల్లల తప్పేమీ లేదు. నీళ్ళు వదులుతున్నామని వాళ్ళకు అందేలా చెప్పినవాళ్ళు లేరు, ఆ రాళ్ళ మీద నిలబడటం ఎందుకు ప్రమాదమో చెప్పే మనిషి పక్కన లేడు.

దానికి సరిగ్గా రెండు వారాల ముందు, అదే ఏడాది మే 25న, ఇప్పటి తెలంగాణలోని సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకునే మాలావత్ పూర్ణ, ఆమెతో పాటు ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఆ పిల్లల్ని నేరుగా తీసుకెళ్ళి హిమాలయాల మీద వదల్లేదు. భువనగిరి గుట్ట మీద రాళ్ళు ఎక్కించారు, డార్జిలింగ్‌లో శిక్షణ ఇప్పించారు, లడఖ్ చలిలో ఉంచి అలవాటు చేశారు. ఒక్కో మెట్టు దాటాక ఎవరు సిద్ధంగా ఉన్నారో చూసి, వాళ్ళనే పై మెట్టుకు పంపారు. ఈ రెండు ఘటనలూ ఒకే వేసవిలో జరిగాయి. నేను ఈ రెండింటినీ కలిపే గుర్తుపెట్టుకుంటాను.

ఫిల్‌మాంట్‌లో ప్రమాదాలే జరగవని కూడా చెప్పను. 2015 జూన్ చివర్లో నార్త్ పోనిల్ క్యాన్యన్‌లో తెల్లవారుజామున మెరుపు వరద వచ్చి, వాగు దగ్గరి టెంట్లను ఊడ్చుకుపోయింది. కాలిఫోర్నియా నుంచి వచ్చిన పదమూడేళ్ళ స్కౌట్ ఒకడు చనిపోయాడు. 2018లో మే 31న మొదలైన కార్చిచ్చు పక్కన యూట్ పార్క్ దగ్గర 36,000 ఎకరాలకు పైగా కాల్చేసింది, ఆ వేసవి కొండల్లోకి వెళ్ళాల్సిన ట్రెక్కులన్నీ రద్దయ్యాయి. ఇవి దాచిపెట్టి మీ సంతకాలు తీసుకోవడం నాకు ఇష్టం లేదు. పిల్లలకు కూడా ఇవి చెప్పాలి. వాగు పక్కన చదునుగా, ఇసుకగా, మెత్తగా ఉన్న నేలే టెంటుకు అన్నిటికంటే ప్రమాదమైన చోటని వాళ్ళకు ముందే తెలియాలి. జులైలో అక్కడ దాదాపు ప్రతి మధ్యాహ్నం ఉరుములతో వాన పడుతుంది. అందుకే తెల్లవారకముందే లేచి, శిఖరం మధ్యాహ్నం లోపే ఎక్కి దిగిపోవాలి. ఆలస్యమైతే ఎంత దగ్గరికి వచ్చినా వెనక్కి తిరగాలి. ఇంకో అరగంటలో శిఖరం అందుతుందన్నప్పుడు వెనక్కి తిరుగుదామని నోరు తెరిచి చెప్పగలిగే పిల్లవాడు క్రూలో ఒక్కడైనా ఉండాలి. ఆ ధైర్యం ఎక్కడ నేర్చుకుంటాడు? ఇంట్లో మనం వేసిన ప్లాన్‌లో తప్పుందని వాడు చెప్తే, ఎదురు మాట్లాడకు అని నోరు మూయించని చోట నేర్చుకుంటాడు. ఈ మాట నేను చాలా ఆలోచించే రాస్తున్నాను.

ఇక తయారీ సంగతి. అన్నిటికంటే ముందు రూటు. ఫిల్‌మాంట్ వాళ్ళు ప్రతి ఏడాదీ రకరకాల ట్రెక్కులతో ఒక పుస్తకం ఇస్తారు. కొన్ని తేలిక, కొన్ని చాలా కష్టం. ఒకదాంట్లో బాల్డీ ఉంటుంది, ఇంకోదాంట్లో గాడిదల మీద సామాను వేసుకుని నడవడం, నిటారు దుంగలు ఎక్కడం, పాత బంగారు గని చూడటం ఉంటాయి. దేనికి వెళ్ళాలో పిల్లలే కూర్చుని తేల్చుకోవాలి. మొదటి మీటింగ్‌లో ఇద్దరు పెద్దలు స్ప్రెడ్‌షీట్ తయారుచేసి తెచ్చారు. మంచి మనసుతోనే చేశారు, వివరాలు కూడా చక్కగా ఉన్నాయి. దాన్ని పక్కన పెట్టండని బతిమాలాను. రూటు పిల్లలు ఎంచుకుంటే, ఏడో రోజు ఎండలో నిట్టనిలువు ఎక్కుతున్నప్పుడు అది వాళ్ళు కోరుకున్న కొండ. మనం ఎంచి ఇస్తే అది మనం విధించిన శిక్ష అవుతుంది.

క్రూ లీడర్ ఎన్నిక విషయంలో ఒక విన్నపం. మా వాడిని లీడర్‌ని చేయండి, కాలేజీ అప్లికేషన్‌కు పనికొస్తుంది అని ఫోన్లు చేయకండి. స్కౌట్లలో అన్నిటికంటే పై ర్యాంకు ఈగిల్ స్కౌట్, దానికి ఫిల్‌మాంట్ అవసరం కూడా లేదు. పిల్లలకు ఎవరి వెనక నడవాలో తెలుసు. కొన్నిసార్లు క్లాసులో ఎప్పుడూ వెనక కూర్చునే పిల్లని ఎన్నుకుంటారు, ఎందుకంటే చలిలో లేచి అందరికంటే ముందు స్టవ్ వెలిగించేది ఆ పిల్లే అని వాళ్ళు చూశారు. ఆ ఎన్నికలో మన చెయ్యి పడితే లీడర్‌ని ఎవరూ లీడర్‌గా చూడరు.

ఇప్పుడు వంటింట్లోకి వస్తాను. ఇక్కడ ఎక్కువ రాస్తే ఏమీ అనుకోకండి, మన ఇళ్ళల్లో పని ఎక్కువ మిగిలింది ఇక్కడే.

కొండ మీద తిండి అంతా ఎండబెట్టిన ప్యాకెట్లలో ఉంటుంది. మూడు నాలుగు రోజులకోసారి కమిసరీ, అంటే తిండి సామాను ఇచ్చే కొట్టు, దగ్గర ఆగి తెచ్చుకోవాలి. నీళ్ళు మరిగించాలి, కలపాలి, పన్నెండు మందికీ సమానంగా పంచాలి, మిగలకుండా తినాలి. మిగిలింది పారెయ్యడానికి అక్కడ చెత్తబుట్ట ఉండదు, పారేస్తే ఎలుగుబంటిని పిలిచినట్టే. అందుకే గిన్నె అడుగు వరకూ ఊడ్చి తింటారు, నాకేస్తారు. అమ్మమ్మలు విన్నారంటే ఎంగిలి అని బాధపడతారేమో, కానీ ఆ కొండ మీద అదే శుభ్రత. పది వేల అడుగుల ఎత్తులో నీళ్ళు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. చూడటానికి తెర్లుతూనే ఉంటాయి కానీ ఇక్కడ పది నిమిషాల్లో నానేది అక్కడ ఇంకా ఎక్కువసేపు పడుతుంది. ఓపిక లేక సగం ఉడికింది తిన్న పిల్లలకు రాత్రి కడుపునొప్పి వస్తుంది, మర్నాడు నడక ఉండదు.

మన క్రూలో కోడిగుడ్డు కూడా పగలగొట్టడం రాని పిల్లలు ఉన్నారు. ముఖ్యంగా మగపిల్లలు. ప్రేమ కొద్దీ వాళ్ళను వంటింటి దాకా రానివ్వలేదు మనం. ఈ ఆదివారం నుంచి ప్రతి ఆదివారం రాత్రి భోజనం వాళ్ళ చేత చేయించండి. పెరట్లో, గాలిలో, చిన్న ట్రెయిల్ స్టవ్ మీద. గ్యారేజీలో గానీ టెంటులో గానీ వెలిగించనివ్వకండి, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఉప్పు తక్కువైతే తినండి. మాడితే మాడిందే తినండి. గిన్నెలు కూడా వాళ్ళే తోమాలి, డిష్‌వాషర్ లేకుండా, ఒక్క లీటరు వేడినీళ్ళతో.

శాకాహారం గురించి, బీఫ్ తినని వాళ్ళ గురించి చాలామంది అడిగారు. ఏ రోజు ఏం పెడతారో, అందులో ఏమేం ఉంటాయో ఫిల్‌మాంట్ వాళ్ళు ముందే జాబితాగా ఇస్తారు. ఆరోగ్యం వల్లో మతం వల్లో తినలేనివి ఉంటే, బదులు తిండి మనం తీసుకెళ్ళి ఇస్తే కమిసరీలకు చేరుస్తారు. కానీ ఆ జాబితా చదవాల్సింది మీరు కాదు. మీ అమ్మాయి కూర్చుని, ఏ పూట తను తినలేనిది ఏదో గీతలు గీసి, దాని బదులు ఏం తింటుందో, అది ఎంత బరువో, ఎన్ని కేలరీలో రాసుకోవాలి. తన తిండి తను చూసుకోగలిగితే దేశంలో ఎక్కడికి వెళ్ళినా ఆకలితో పడుకోదు.

పిల్లల సంచుల్లో మనం ప్రేమగా దాచే వస్తువుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఎలుగుబంటికి మనిషి తిండికీ మనిషి వాడే మందుకీ తేడా లేదు, వాసన వస్తే చాలు. టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్, పెదాలకు రాసుకునేది, దగ్గు బిళ్ళలు, ఇవన్నీ వాసన వచ్చే వస్తువుల కిందికే వస్తాయి. రాత్రి పడుకునే ముందు అన్నీ ఏరి, బేర్ బ్యాగుల్లో వేసి, తాళ్ళతో ఎత్తుగా వేలాడదీస్తారు. మన జాబితా ఇంకొంచెం పెద్దది. ఆవకాయ ప్యాకెట్, కారప్పొడి, అమృతాంజనం, తలకు రాసుకునే కొబ్బరి నూనె. ఒక్క చిన్న సీసా టెంటులో మిగిలినా ప్రమాదం ఆ పిల్లకు మాత్రమే కాదు, పక్కన పడుకున్న పిల్లకు కూడా. అందుకే తెలియకుండా సంచిలో ఏదీ పెట్టకండి. బయల్దేరే ముందు రాత్రి తలకు నూనె వద్దు.

అసలు సంచి మీరు సర్దకండి. మొత్తం బరువు పిల్లల ఒంటి బరువులో నాలుగో వంతు దగ్గర ఉంటే మేలు. 120 పౌండ్ల పిల్లవాడికి 30 పౌండ్లు. లీటరు నీళ్ళే 2.2 పౌండ్లు. కొన్ని క్యాంపుల్లో నీళ్ళు దొరకవు, అంతకు ముందు ఆగిన చోటు నుంచి మోసుకెళ్ళాలి. ప్రతి వస్తువూ నేల మీద పరిచి, వంటింటి త్రాసు మీద తూచి, రాసుకుని, అప్పుడు పెట్టుకోవాలి. మూడో జత బట్టలు ఎందుకు తియ్యాలో వాడే తెలుసుకోవాలి. కాటన్ వద్దనేది మాత్రం గట్టిగా చెప్తాను. వానకు తడిసిన కాటన్ ఆరదు, ఆ ఎత్తులో సాయంత్రం చలికి ఒంట్లో వేడి లాగేస్తుంది. బూట్లు ఇప్పుడే కొని రోజూ తొడుక్కుని తిరగాలి. జూన్‌లో కొన్న కొత్త బూట్లు జులైలో బొబ్బలు.

నడక సాధన గురించి కొందరు తేలిగ్గా అనుకుంటున్నారు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కిన పిల్లలు మన క్రూల్లో ఉన్నారు, సంతోషం. కానీ అక్కడ వీపు మీద బరువు లేదు, దారి పొడవునా నీళ్ళున్నాయి, పైన గది ఉంది. మన చుట్టుపక్కల అంతా చదును నేల, కొండ కోసం గంటలు డ్రైవ్ చేయాలి. కాబట్టి హైస్కూల్ స్టేడియం మెట్లే మనకు కొండ. బరువు వేసుకుని ఎక్కడం, దిగడం. దిగడం మర్చిపోకండి, మోకాళ్ళు పట్టేసేది దిగేటప్పుడే. నెలకో శనివారం లేక్ టెక్సోమా ఒడ్డున క్రాస్ టింబర్స్ ట్రెయిల్ మీద నడుస్తాం. స్ప్రింగ్ బ్రేక్‌లో ఓక్లహోమా వైపు వాషిటా ట్రెయిల్ మీద మూడు రోజులు, రెండు రాత్రులు. ఆ ట్రెయిల్ మొత్తం 223 మైళ్ళు, మనం చిన్న ముక్క నడుస్తాం. కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్ష క్లాసు ఉందనో టెన్నిస్ ఉందనో ఈ మూడు రోజులు ఎగ్గొట్టించకండి. కలిసి తడవని, కలిసి ఆకలితో కూర్చోని పిల్లలు కలిసి పన్నెండు రోజులు ఉండలేరు.

పోయిన అక్టోబరులో అదే టెక్సోమా ఒడ్డున అబ్బాయిల క్రూ దారి తప్పింది. రెండు దారులు చీలిన చోట ముందున్న కుర్రాడు మాటల్లో పడి కుడివైపు మళ్ళాడు, మిగతా అందరూ వెనకే. వెనక ఉన్న మాకు వెంటనే తెలిసింది. ఒక నాన్నగారు ఫోన్ తీసి మ్యాప్ చూపించబోయారు. ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. ఎండ లేదు, నీళ్ళు ఉన్నాయి, చీకటి పడటానికి నాలుగు గంటలు ఉంది, దగ్గర్లోనే రోడ్డు ఉంది. అరగంట నడిచాక వెనక నుంచి ఒకబ్బాయి, మనం తూర్పుకు వెళ్తున్నాం కదా, చెరువు ఎడమవైపు ఉండాలి, ఇందాకటి నుంచి నీళ్ళే కనిపించట్లేదేంటి అన్నాడు. అందరూ ఆగారు. సంచులు దించారు. మ్యాప్ నేల మీద పరిచి కంపాస్ పెట్టారు. ఇద్దరు కాసేపు గట్టిగా వాదించుకున్నారు. తర్వాత వెనక్కి తిరిగారు. ఆ రోజు నుంచి ప్రతి మలుపు దగ్గరా ఆ క్రూ ఆగి మ్యాప్ చూసుకుంటోంది. మేం ముందే చెప్పి ఉంటే ఆ అలవాటు వాళ్ళకు వచ్చేది కాదు.

మన ఊళ్ళల్లో బావిలో ఈత నేర్పేటప్పుడు నడుముకు తాడు కట్టి, పెద్దవాళ్ళు గట్టు మీద నిలబడేవాళ్ళు. తాడు వదులుగా ఉంచేవాళ్ళు, చేతిలోంచి మాత్రం వదిలేవాళ్ళు కాదు. అడ్వైజర్ పని అంతే. ఎప్పుడు లాగుతామో పిల్లలకు ముందే చెప్పేశాను: పిడుగులు పడుతున్నప్పుడు, వాగు పొంగినప్పుడు, ఒంట్లో బాగోలేనప్పుడు, ఒకరు ఇంకొకరిని ఏడిపిస్తున్నప్పుడు. వీటిలో మేం అడుగు ముందుకు వేస్తాం, వాదన ఉండదు. మిగతా అన్నిటిలో, ఆలస్యమైనా, అన్నం మాడినా, టెంటు వంకరగా నిలబడినా, మా నోరు మూసుకుని ఉంటాం. మీరు అడ్వైజర్‌గా వస్తే మీకూ ఇదే షరతు. ఆఫీసులో పాతిక మందిని నడిపే వాళ్ళకు ఇది చాలా కష్టంగా ఉంటుంది. అయినా తప్పదు.

రోజంతా నడిచాక రాత్రి క్రూ గుండ్రంగా కూర్చుంటుంది. ఆ రోజు నచ్చింది ఒక గులాబీ, బాధపెట్టింది ఒక ముల్లు, రేపటి కోసం ఎదురుచూసేది ఒక మొగ్గ, ఒక్కొక్కరూ చెప్పాలి. ఫిల్‌మాంట్‌లో ఇది ఎన్నాళ్ళ నుంచో ఉన్న పద్ధతి. మన పిల్లలకు గులాబీ చెప్పడం బాగా వచ్చు. ముల్లు చెప్పమంటే అంతా బాగానే ఉంది అంటారు. నీ వల్ల నాకు నడక కష్టమైంది అని స్నేహితుడి మొహం మీద మర్యాదగా చెప్పడం, ఆ మాట విని అలగకుండా ఉండటం నేర్చుకోవాలి. రాత్రి భోజనాల దగ్గర ఫోన్లు పక్కన పెట్టి ఇది మొదలుపెట్టండి. ముందు మీ ముల్లు మీరు చెప్పండి.

ఆరోగ్యం ఫారం గురించి కొంచెం కఠినంగా రాయక తప్పదు. అందులో పార్ట్ సీ డాక్టర్ సంతకం చేయాలి. మనవాళ్ళు కొందరు ఆస్తమా రాయరు, మూర్ఛ మందు రాయరు, టెన్షన్‌కు వాడే మాత్ర రాయరు, రాత్రి పక్క తడిపే అలవాటు అసలు చెప్పరు. రాస్తే పంపరేమో అని భయం, నలుగురికీ తెలుస్తుందని సిగ్గు. దయచేసి రాయండి. ఆస్తమా ఉన్న పిల్లలు వెళ్ళి రావచ్చు, ఇన్‌హేలర్ రెండు ఉంటే, ఎక్కడుందో ఇంకొకరికి తెలిస్తే. తెలియని ఆస్తమాతో పదకొండు వేల అడుగుల దగ్గర, రోడ్డుకు గంటల దూరంలో, మేం ఏం చేయగలం? మందు సంగతి పిల్లవాడికి కూడా పూర్తిగా తెలియాలి. దాని పేరు, ఎందుకు, ఎప్పుడు, మానేస్తే ఏమవుతుంది. అమ్మకు తెలుసు అనే జవాబు అక్కడ పనికిరాదు.

ఇదే ఫారం పెద్దలకు కూడా ఉంది, ఎత్తుకు తగ్గ బరువు చార్టుతో సహా. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగాలు మనవి, షుగర్, బీపీ మనకు కొత్త కాదు. పిల్లల కంటే ముందు ఇబ్బంది పడేది చాలాసార్లు నాన్నలే. వస్తామన్న నాన్నలు ఈ నెలలోనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. చార్టు దాటితే అక్కడి నుంచి వెనక్కి పంపుతారు, ఎవరు చెప్పినా వినరు, వినకూడదు కూడా.

అమ్మలకు ఒక మాట. అమ్మాయిల క్రూతో కనీసం ఒక మహిళా అడ్వైజర్ ఉండి తీరాలి, అది నియమం. ఇప్పటిదాకా ఒక్కరే పేరు ఇచ్చారు. ఆవిడకు జులైలో జ్వరం వస్తే ఆ పిల్లలందరి ట్రెక్కూ ఆగిపోతుంది. ఇంకో ఇద్దరు కావాలి. నాకు క్యాంపింగ్ రాదండీ అని చాలామంది అన్నారు. ఎవరికీ పుట్టుకతో రాదు. వైల్డర్‌నెస్ ఫస్ట్ ఎయిడ్ కోర్సు రెండు రోజులు, ఫీజు ట్రూప్ కడుతుంది. పిల్లలతో పాటే మెట్లు ఎక్కండి. ఇంట్లో అత్తమామలు, చిన్నపిల్లలు ఉన్నారని ఆగిపోతున్న వాళ్ళుంటే నాకు విడిగా చెప్పండి. ఆ పన్నెండు రోజులూ వంటలు, పిల్లల్ని దింపడాలు మిగతా కుటుంబాలు వంతులు వేసుకుంటాయి, ఇప్పటికే నలుగురు సరేనన్నారు. నాన్నలు కూడా ఈ పేరా ఇంకోసారి చదవండి.

ఫోన్ సంగతి. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. అత్యవసరానికి అడ్వైజర్ల దగ్గర శాటిలైట్ పరికరం ఒకటి ఉంటుంది. రోజూ గుడ్ నైట్ చెప్పించడానికి దాన్ని వాడం. కబురు రాకపోతే అంతా బాగున్నట్టే. ఇండియాలో తాతయ్యలకు, నానమ్మలకు కూడా ఈ మాట ముందే చెప్పి ఉంచండి, లేకపోతే మూడో రోజుకే మీకు నిద్ర లేకుండా చేస్తారు.

వచ్చే శనివారం ఉదయం పది గంటలకు మామూలు పార్కులోనే మీటింగ్. ఈసారి నడిపేది ఇద్దరు క్రూ లీడర్లు. రూట్లు వాళ్ళే చదివి వినిపిస్తారు, ఓటు వాళ్ళే వేసుకుంటారు, పనుల పట్టిక వాళ్ళే రాస్తారు. మనం వెనక బెంచీల మీద కూర్చుంటాం. ప్రశ్న ఉంటే మీ పిల్లల చేత అడిగించండి. ఫారాలు ఖాళీవి తెస్తాను, పార్ట్ సీ అపాయింట్‌మెంట్ తేదీ వేసుకుని రండి. స్ప్రింగ్ బ్రేక్ మూడు రోజులకు ఇంకేమీ పెట్టుకోకండి. పేరు ఇవ్వాలనుకున్న అమ్మలు మీటింగ్ దాకా కూడా ఆగక్కర్లేదు, ఈ రాత్రే ఫోన్ చేయండి.

ఇట్లు,
మీ పిల్లలతో నడిచే ఒక అడ్వైజర్